కౌబాయ్ పాటల వెనక ఆడగొంతులు

కౌబాయ్ అనగానే మీకేం గుర్తొస్తుంది? తలమీద వెడల్పంచు టోపీ, నడుముకి తుపాకీ, కాళ్లకి బూట్లు, కింద గుర్రం... అంతేగా! మన తెలుగువాళ్లకైతే వేరే చెప్పక్కర్లేదు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ గుర్రమెక్కి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వేషం మనింటి వేషమే అయిపోయింది. 1990లో ‘కొదమసింహం’లో చిరంజీవి, 2002లో ‘టక్కరి దొంగ’లో మహేష్‌బాబు ఆ టోపీనే పెట్టుకున్నారు.

కానీ ఆ టోపీ పుట్టిన దేశంలో, 1930ల నుంచి ఓ పాతికేళ్లపాటు కౌబాయ్ అంటే తుపాకీకన్నా ముందు గిటారు గుర్తొచ్చేది. కౌబాయ్ అన్నాక పాడాలి. అతని పక్కన నవ్వించేవాడు ఒకడుండాలి. పాటకీ పాటకీ మధ్య వాడు గుర్రం మీంచి కిందపడాలి, పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలి. సినిమాలోనైనా, రేడియోలోనైనా, స్టేజీ మీదైనా ఇదే వరస.

ఇందులో ఆడవాళ్లకేం పని అంటారా? అసలు ముచ్చటంతా అక్కడే ఉంది.

నేనుండేది అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, నాష్‌విల్‌కి దగ్గర్లో. పెళ్లయి ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లాక, శనివారం మధ్యాహ్నాలు ఇక్కడి వృద్ధాశ్రమం ఒకదానికి వెళ్లొస్తున్నాను. పెద్ద సేవేం కాదు లెండి. టీ కలిపివ్వడం, పేపరు చదివిపెట్టడం, కబుర్లు వినడం... అంతే. అక్కడ వారానికి ఒక గంట పాతపాటలు పెడతారు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేనివాళ్లు కూడా ఆ పాటలు మొదలయ్యేసరికి ఒక్క మాట తప్పకుండా చివరిదాకా పాడేస్తారు!

‘ఎవరివండీ ఈ పాటలు?’ అని అడగడం మొదలెట్టాను. ఒక్కో పేరుకీ ఒక్కో కథ చెప్పారు. ఆ తర్వాత నేనూ పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివినకొద్దీ ఆ నవ్వులూ, పాటల వెనక ఎందరు ఆడవాళ్ల బతుకులున్నాయో తెలిసొచ్చింది. అవే మీతో పంచుకుందామని.

ఆవుల్ని జోకొట్టిన పాటలు

ముందు ఈ పాటలు ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పుకోవాలి. 1867 నుంచి ఇంచుమించు ఇరవై ఏళ్లపాటు టెక్సస్‌లోని పశువుల్ని వందల మైళ్లు నడిపించుకుంటూ కాన్సస్‌లోని రైలు స్టేషన్లకి తోలుకెళ్లేవారు. ఒక్కో మందలో రెండు మూడు వేల పశువులు. వాటిని తోలే కూలీలే కౌబాయ్‌లు. నెలకి ముప్ఫై, నలభై డాలర్ల జీతం. ఎండా, దుమ్మూ, బురదా. సినిమాల్లో చూపించే దర్జా ఏమీ లేదు. వాళ్లలో ఇంచుమించు నలుగురిలో ఒకరు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లూ చాలామందే.

రాత్రిపూట ఇద్దరేసి చొప్పున మంద చుట్టూ గుర్రాల మీద తిరుగుతూ కాపలా కాసేవారు. ఉరుము ఉరిమినా, ఎక్కడో కొమ్మ విరిగినా మంద మొత్తం బెదిరి పరుగందుకునేది. అందుకని కాపలావాళ్లు నెమ్మదిగా పాడుతూ తిరిగేవారు. మనిషి గొంతు వినిపిస్తూ ఉంటే పశువుకి ధైర్యం. చీకట్లో తోటివాడు ఎక్కడున్నాడో ఇవతలవాడికీ తెలుస్తుంది. అంటే కౌబాయ్ పాట పుట్టుకతో జోలపాటే అన్నమాట! ఉయ్యాల్లో బిడ్డకి బదులు మైదానంలో మూడువేల పశువులు.

తర్వాత ముళ్లకంచెలు వచ్చాయి, రైళ్లు ఊరూరికీ వచ్చాయి. మందల్ని తోలే పని పోయింది. పని పోయాక పాటలకి విలువొచ్చింది. 1910లో జాన్ లోమాక్స్ అనే ఆయన ఆ పాటల్ని సేకరించి పుస్తకం వేశారు. 1935లో జీన్ ఆట్రీ వెండితెర మీద పాడే కౌబాయ్‌గా హీరో అయ్యాడు. ఆట్రీ అంతకుముందు రైల్వేలో టెలిగ్రాఫ్ ఉద్యోగి. ఆయన వెనకే వచ్చిన రాయ్ రోజర్స్ పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి పట్నంలో. ‘కౌబాయ్‌ల రాజు’ అని పేరు తెచ్చుకున్న ఆయన అసలు పేరు లెనర్డ్ స్లై. చూశారా, పాత రోజుల కోసం బెంగ అన్నది అప్పుడే మొదలైంది. కౌబాయ్ పాటలు పుట్టించిన కాలం వేరు, వాటిని పాడుకుని మురిసిపోయిన కాలం వేరు.

శనివారం రాత్రి రేడియో ముందు

1924లో షికాగోలోని డబ్ల్యు.ఎల్.ఎస్. రేడియోలో ‘నేషనల్ బార్న్ డాన్స్’ మొదలైంది. మరుసటేడు 1925లో నాష్‌విల్‌లో ఇంకో కార్యక్రమం మొదలైంది. అదే ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’. అది నూరేళ్లు నిండాక కూడా నడుస్తూనే ఉంది. శనివారం రాత్రయ్యేసరికి పొలం పనులు ముగించుకుని, స్నానాలు చేసి, ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారట. కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీ రేడియోలే దిక్కు. ‘బ్యాటరీ అయిపోతుందని వారమంతా ముట్టుకోనిచ్చేది కాదు మా అమ్మ. అంతా శనివారం కోసమే’ అని ఆశ్రమంలో ఒక పెద్దావిడ చెప్పారు. ఆ మాట వింటే నాకు ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి నాటకం కోసం మా ఇంట్లో పెందలాడే వంట ముగించేసిన అమ్మ గుర్తొచ్చింది.

ఆ కార్యక్రమాల్లో పాటెంతో నవ్వూ అంతే. మన బుర్రకథలో ప్రధాన కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఉంటాడే, అలాగన్నమాట. హూజియర్ హాట్‌షాట్స్ అనే బృందం బట్టలుతికే రేకుపలకకి హారన్లు బిగించి వాయించేది. అవునండీ, మనం బండమీద ఉతికినట్టే అక్కడ ఆడవాళ్లు గాడుల రేకుమీద బట్టలు రుద్దేవారు. ఇంటి చాకిరీకి గుర్తైన ఆ రేకు స్టేజీ ఎక్కి వాద్యమైపోయింది! స్పైక్ జోన్స్ బృందం ఇంకో మెట్టు పైన. మధురమైన ప్రేమగీతం నడుస్తూ ఉండగా హఠాత్తుగా ఆవుమెడ గంటలు, తుపాకీ చప్పుళ్లు, ఎక్కిళ్లు! హోమర్, జెత్రో అనే జంట పేరున్న పాటలకి పేరడీలు కట్టేది. వాళ్ల పేరడీకి 1959 సంవత్సరపు పాటల్లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది. పిచ్చిగా కనిపించే ఈ వాయింపంతా చేసింది ఆరితేరిన వాద్యగాళ్లు. తప్పు వాయించినట్టు వాయించాలంటే ఒప్పు బాగా తెలిసుండాలి మరి!

ఇక ఆడవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది లూలూ బెల్. పాతకాలపు గౌను, పొడుగు బూట్లు, నోట్లో చూయింగ్ గమ్. పక్కన భర్త స్కాటీ గిటారు వాయిస్తూ పద్ధతిగా పాడుతుంటే ఈవిడ మధ్యలో చేరి అల్లరి చేసేది. 1936లో ఒక రేడియో పత్రిక శ్రోతల చేత ఓట్లు వేయిస్తే దేశంలోని హేమాహేమీలందర్నీ కాదని ఈవిణ్నే ‘రేడియో రాణి’ని చేశారు జనం. అన్నట్టు, ఈవిడ 1970లలో నార్త్ కరోలినా శాసనసభకి రెండుసార్లు ఎన్నికైంది కూడా!

‘ఇంట్లో కూచుని ఎదురుచూడను!’

ఆ బార్న్ డాన్స్‌లోనే పాట్సీ మోంటానా ఉండేది. అసలు పేరు రూబీ బ్లెవిన్స్. ఊరు అర్కాన్సాస్ రాష్ట్రం. అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఫిడేలు వాయించేది, గిటారు వాయించేది, అన్నిటికన్నా ముఖ్యంగా యోడలింగ్ చేసేది. యోడలింగ్ అంటే మీకు తెలిసిందే. కిశోర్‌కుమార్ హిందీ పాటల్లో గొంతుని గబుక్కున లావునుంచి సన్నానికీ, సన్నాన్నుంచి లావుకీ ఎగరేస్తాడు చూడండి, అదే. స్విట్జర్లాండ్ కొండల్లో పుట్టిన ఆ విద్య అమెరికా మైదానాలకి వచ్చి కౌబాయ్‌ల సొంతమైంది.

పాట్సీకి 1934లో పెళ్లయింది. భర్త వేరే గాయకుల బృందాలతో ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఈవిడ ఇంట్లో ఒంటరిగా. ఆ బెంగలో ఒక పాట రాసుకుంది. అయితే మనం అనుకున్నట్టు ‘నువ్వెప్పుడొస్తావు’ అనే విరహగీతం కాదు. నేనూ గుర్రమెక్కుతాను, నేనూ నీ పక్కనే మైదానాల్లో తిరుగుతాను, నక్షత్రాల కింద పడుకుంటాను అనే ధోరణి. ‘ఐ వాంట్ టు బి ఎ కౌబాయ్స్ స్వీట్‌హార్ట్’ అన్నది దాని పేరు. పేరు వింటే ప్రియురాలి పాట. లోపలికి వెళితే సొంత గుర్రం కావాలనే అమ్మాయి పాట!

1935 ఆగస్టులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. పది లక్షల కాపీలు దాటిందనీ, ఈ తరహా సంగీతంలో ఒక ఆడమనిషి పాడిన రికార్డు ఆ మైలురాయి చేరడం అదే మొదలనీ చెబుతారు. అప్పటిదాకా ‘ఆడవాళ్ల పాటలు ఎవరు కొంటారు?’ అనే కంపెనీవాళ్లకి అది జవాబు. తర్వాత ఆవిడ బిడ్డల్ని పెంచింది, అరవై ఏళ్లపాటు పాడుతూనే ఉంది. 1996 మేలో చనిపోయింది. అదే ఏడాది కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. కళ్లారా చూసుకునే భాగ్యం లేకపోయింది. ఏమాటకామాటే చెప్పాలి, మెచ్చుకోవడంలో ఆలస్యం అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆ రికార్డుని అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డింగుల్లో ఒకటిగా 2012లో ప్రకటించింది.

టోపీకి వేలాడిన ధర చీటీ

నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం అని పాత హాలు ఉంది. గ్రాండ్ ఓల్ ఆప్రీ 1943 నుంచి 1974 దాకా అక్కడే జరిగింది. అందులో ఒక బెంచీమీద కంచు విగ్రహంగా ఒకావిడ కూచుని ఉంటుంది. తలమీద పూల టోపీ. ఆ టోపీకి ధర చీటీ వేలాడుతూ ఉంటుంది. ఒక డాలరు తొంభై ఎనిమిది సెంట్లు! ఆవిడే మినీ పెర్ల్.

అసలు పేరు సారా ఒఫీలియా కోలీ. 1912లో టెన్నెసీలోని సెంటర్‌విల్‌లో పుట్టింది. తండ్రిది కలప వ్యాపారం. ఆర్థిక మాంద్యంలో ఆస్తి కరిగిపోయింది. ఈవిడ నాటకవిద్య చదువుకుంది. గొప్ప రంగస్థల నటి కావాలని కల. దొరికిన ఉద్యోగమేమో చిన్న చిన్న ఊళ్లు తిరుగుతూ అక్కడి జనం చేత నాటకాలు వేయించడం. 1936 శీతాకాలంలో అలబామా కొండల్లో ఒక ఇంట్లో బస చేసింది. ఆ ఇంటావిడ మాట తీరు, కష్టాల్ని కూడా తమాషాగా చెప్పే పద్ధతి ఈవిడ మనసులో పడిపోయాయి. ఆ ఇంటావిడలోంచి పుట్టిందే మినీ పెర్ల్ పాత్ర. పెళ్లికాని పల్లెటూరి పిల్ల. పట్నం వచ్చింది, కొత్త టోపీ కొనుక్కుంది, చీటీ తీయడం మర్చిపోయింది. అంతే, ఆ చీటీయే ఆవిడకి జీవితాంతం గుర్తింపు కార్డైంది.

1940 నవంబరులో మొదటిసారి ఆప్రీలో అవకాశమిచ్చినప్పుడు నిర్వాహకులకి భయమేసిందట. చదువుకున్న పిల్ల పల్లెటూరివాళ్లని వెక్కిరిస్తోందని జనం అనుకుంటారేమోనని. అందుకని రాత్రి బాగా పొద్దుపోయాక స్టేజీ ఎక్కించారు. వారం తిరిగేసరికి వందలకొద్దీ ఉత్తరాలు! పల్లెటూరివాళ్లు తమని వెక్కిరిస్తున్నదెవరో, తమలో ఒకరై నవ్విస్తున్నదెవరో ఇట్టే పసిగడతారు. మన తోలుబొమ్మలాటలో బంగారక్కని చూసి ఆడవాళ్లే ఎక్కువ నవ్వుతారు కదా, అలాగే. మినీ పెర్ల్ ఎప్పుడూ తనమీదే జోకులేసుకుంది. తన రూపం మీద, తనకి సంబంధం కుదరకపోవడం మీద. స్టేజీ దిగాక మాత్రం చక్కగా చీర... కాదు, చక్కటి గౌను కట్టుకుని, మృదువుగా మాట్లాడే సారా కానన్. 1947లో హెన్రీ కానన్ అనే విమాన పైలట్‌ని పెళ్లి చేసుకుంది. పిల్లలు లేరు.

1985లో ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండు రొమ్ములూ తీసేశారు. డెబ్భై మూడేళ్ల వయసు, నవ్వించే వృత్తి. గుట్టుగా ఉంచుకోవచ్చు. ఆవిడ అలా చేయలేదు. తన అసలు పేరుతో జనం ముందుకొచ్చి, పరీక్షలు చేయించుకోండమ్మా అని చెప్పింది. ఆ రోజుల్లో రొమ్ము క్యాన్సర్ అనే మాట నలుగురిలో అనడానికే జంకేవారు. 1987లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆవిడ ధైర్యానికి అవార్డు ఇచ్చింది. నాష్‌విల్‌లోని పెద్ద క్యాన్సర్ కేంద్రానికి ఈవిడ పేరే పెట్టారు. ‘సారా కానన్’ అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లే ఎంతోమందికి ఆవిడ టోపీ గురించి తెలియదు. 1996 మార్చిలో కన్నుమూసింది.

కన్నకొడుకు తమ్ముడయ్యాడు!

ఆశ్రమంలో పాటల గంట ముగింపులో ఎప్పుడూ ఒకటే పాట. ‘హ్యాపీ ట్రైల్స్’. వెళ్లిరండి, దారంతా సుఖంగా సాగాలి అని దీవించే చిన్న పాట. రాయ్ రోజర్స్, డేల్ ఇవాన్స్ దంపతుల టీవీ కార్యక్రమం 1951 నుంచి 1957 దాకా వచ్చింది. ప్రతివారం చివర్లో ఇద్దరూ కలిసి ఆ పాట పాడేవారు. దాన్ని రాసింది ఆయన కాదు, ఆవిడ.

సినిమా పోస్టర్లలో మొదట రాయ్ పేరు ఉండేది. ఆ తర్వాత ఆయన గుర్రం ట్రిగ్గర్ పేరు. తర్వాత తోడుగా ఉండే హాస్యనటుడి పేరు. ఆ తర్వాతే హీరోయిన్ డేల్ పేరు! గుర్రం తర్వాత స్థానం అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆవిడ బతుకు తెలిస్తే ఆ నవ్వు కాస్త ఆగుతుంది.

డేల్ 1912లో టెక్సస్‌లో పుట్టింది. పద్నాలుగేళ్లకే ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకుంది. పదిహేనేళ్లకి చేతిలో కొడుకు. భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ఆఫీసులో టైపు చేస్తూ, రేడియోలో పాడుతూ బిడ్డని పెంచింది. హాలీవుడ్ పిలుపు వచ్చేసరికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి. ఏజెంటు రెండు షరతులు పెట్టాడు. ఒకటి, వయసు ఇరవై ఒకటని చెప్పాలి. రెండు, ఎదిగిన కొడుకుని తమ్ముడని చెప్పాలి. బతుకుతెరువు కోసం ఒప్పుకుంది. ‘అమ్మా’ అని నలుగురిలో పిలిపించుకోలేని తల్లి, తెరమీద నవ్వుతూ పాటలు పాడింది. హీరోయిన్ అంటే పిల్లల్లేని పడుచుపిల్లే అయ్యుండాలన్న రివాజు మనకీ కొత్తేం కాదు.

1944 నుంచి రాయ్ సినిమాల్లో నటించింది. 1946లో రాయ్ భార్య కాన్పు అయిన కొద్దిరోజులకే చనిపోయింది. మరుసటేడు డిసెంబరు 31న డేల్, రాయ్ పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు తల్లిలేని పిల్లలకి తల్లయింది. 1950 ఆగస్టులో వాళ్లకి రాబిన్ పుట్టింది. డౌన్ సిండ్రోమ్, గుండెజబ్బు. అలాంటి పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లొద్దు, ఏదైనా సంస్థలో వదిలేసి మర్చిపొండి అని సలహా ఇచ్చే రోజులవి. ఆ దంపతులు ఒప్పుకోలేదు. బిడ్డని ఇంటికి తెచ్చుకున్నారు. రెండో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు రాబిన్ చనిపోయింది.

డేల్ ఆ దుఃఖంలోంచి ఒక చిన్న పుస్తకం రాసింది. ‘ఏంజెల్ అన్‌అవేర్’. 1953లో వచ్చింది. ఆ పసిపిల్లే తన రెండేళ్ల కథ తాను చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. దానిమీద వచ్చిన డబ్బుని మానసిక ఎదుగుదల లేని పిల్లల కోసం పనిచేసే సంఘానికి ఇచ్చేసింది. ఆ తర్వాత ఈ దంపతుల ప్రదర్శనలకి తల్లిదండ్రులు అలాంటి పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలైంది. అంతకుముందు ఇంటి వెనకగదిలో దాచిన పిల్లలు!

ఆశ్రమంలో తొంభై దాటిన ఒకావిడ ఉన్నారు. హ్యాపీ ట్రైల్స్ మొదలవగానే ఆవిడ మాత్రం పాడరు. కళ్లు మూసుకుని వింటారు. ఒకరోజు తనంతట తానే చెప్పారు. 1954లో ఆవిడకి అలాంటి కొడుకే పుట్టాడట. డాక్టరు వదిలేయమన్నాడు. అత్తగారూ అదే మాట. ఇరవై రెండేళ్ల పిల్ల, ఏం చేయాలో తోచలేదు. పక్కింటావిడ ఆ పుస్తకం తెచ్చిచ్చింది. ‘రాణీలాంటి సినిమా మనిషే బిడ్డని దాచుకోలేదు, నేనెందుకు దాచాలి అనుకున్నాను’ అన్నారు. కొడుకు యాభై ఏడేళ్లు బతికాడు. వాడికి కౌబాయ్ టోపీ అంటే ప్రాణమట. ప్రతి వారం టీవీ ముందు ఆ టోపీ పెట్టుకునే కూర్చునేవాడట. ‘వాడు మాటలు సరిగా పలకలేకపోయేవాడు. కానీ ఆ పాట మాత్రం రాగం తప్పేవాడు కాదు’ అన్నారు. నాకు మాట రాలేదు. టీ చల్లారిపోతే మళ్లీ వేడిచేసి తెచ్చిచ్చాను.

డేల్‌కి కష్టాలు అక్కడితో ఆగలేదు. దంపతులు దత్తత తీసుకున్న పిల్లల్లో కొరియా నుంచి వచ్చిన డెబీ 1964లో బస్సు ప్రమాదంలో పోయింది. 1965లో శాండీ సైన్యంలో ఉండగా జర్మనీలో చనిపోయాడు. సొంత బిడ్డలు, సవతి బిడ్డలు, పెంపుడు బిడ్డలు అంతా కలిసి తొమ్మిది మందిలో ముగ్గుర్ని పోగొట్టుకుంది. అయినా పాడింది, రాసింది. రాయ్ 1998లో, ఆవిడ 2001లో వెళ్లిపోయారు.

తల్లి పియానో, కూతురు పాట

తెరమీద కనిపించని ఒకావిడ గురించి కూడా చెప్పాలి. సిండీ వాకర్. టెక్సస్‌లోని మార్ట్ అనే చిన్న ఊరు ఆవిడది. 1940ల మొదట్లో తల్లిదండ్రులతో కలిసి లాస్ ఏంజెలెస్ వెళ్లింది. కారులోంచి బింగ్ క్రాస్బీ పేరున్న భవనం కనిపించింది. అప్పటికి ఆయన దేశంలోకెల్లా పెద్ద గాయకుడు. కారు ఆపించి తిన్నగా లోపలికి వెళ్లి, తల్లి పియానో వాయిస్తుంటే పాట పాడి వినిపించింది. ఆ పాటని క్రాస్బీ రికార్డు చేశాడు! జీన్ ఆట్రీకీ, బాబ్ విల్స్‌కీ, ఎందరికో వందల పాటలు రాసింది. ‘యూ డోంట్ నో మీ’ అనే ప్రసిద్ధమైన పాట ఎడీ ఆర్నాల్డ్‌తో కలిసి ఆవిడ రాసిందే. తెల్లారకముందే లేచి రాసుకోవడం, తల్లి బాణీ చూడటం. 1991లో తల్లి పోయేదాకా తల్లీకూతుళ్లు కలిసే ఉన్నారు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది. 2006లో మరణించింది.

పాతదంతా బంగారమేనా?

పాతరోజుల గురించి మాట్లాడుకుంటే అన్నీ తీపిగానే వినిపిస్తాయి. కానీ ఆ రోజులు అందరికీ తీపి కాదు. గ్రాండ్ ఓల్ ఆప్రీలో మొదటి తారల్లో ఒకడు డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు. మౌతార్గాన్‌తో రైలుబండి కూతని కళ్లకి కట్టించేవాడు. స్టేజీమీద చప్పట్లు కొట్టిన ఊళ్లలోనే రాత్రి పడుకోవడానికి హోటల్ గది ఇచ్చేవారు కాదు. 1941లో ఆయన్ని తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసే దుకాణం పెట్టుకుని బతికాడు. 2005లో, అంటే చనిపోయిన ఇరవై మూడేళ్లకి, హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. నిజం కౌబాయ్‌లలో అంతమంది నల్లవాళ్లుంటే తెరమీద పాడే కౌబాయ్‌లలో హెర్బ్ జెఫ్రీస్ వంటి ఒకరిద్దరే కనిపిస్తారు. ఇక ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులు సినిమాల్లో ఎప్పుడూ దుండగులే.

ఆశ్రమంలో పనిచేసే ఒక నల్లజాతి నర్సమ్మ పాటల గంటలో చిన్నగా నవ్వుతూ, ‘మా అమ్మమ్మకి ఈ రేడియో ఇష్టమే. కానీ ఆ హాల్లోకి వెళ్లాలని ఎప్పుడూ అనుకోలేదు’ అంది. పాటని ప్రేమించడం, పాట చుట్టూ జరిగిన అన్యాయాన్ని గుర్తుంచుకోవడం రెండూ ఒక్క మనసులోనే పట్టాలి. మన పాత సినిమాలు చూసేటప్పుడు మాత్రం? సూర్యకాంతం గయ్యాళితనానికి పగలబడి నవ్వుతాం. ఆ కోడళ్ల కన్నీళ్లు మన ఇళ్లలోవే అనీ మనకి తెలుసు.

మిగిలిందేమిటి?

రాయ్, డేల్ దంపతుల పేరిట కాలిఫోర్నియాలో మ్యూజియం ఉండేది. తర్వాత మిస్సోరీ రాష్ట్రంలోని బ్రాన్సన్‌కి మార్చారు. చూసేవాళ్లు తగ్గిపోయి 2009 డిసెంబరులో మూతపడింది. మరుసటేడు వస్తువులన్నీ న్యూయార్క్‌లో వేలం వేశారు. లోపల దట్టించి నిలబెట్టిన ట్రిగ్గర్ గుర్రాన్ని 2,66,500 డాలర్లకి ఒక టీవీ సంస్థ కొనుక్కుంది. ఒక తరం చిన్నతనమంతా అలా ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది. ఆ తరం వెళ్లిపోతోంది. అందులో ఎవర్నీ తప్పుపట్టలేం.

అయితే పాట మహా గడుసుది. ఏదో ఒక సందులోంచి మళ్లీ వస్తుంది. 1977లో నాష్‌విల్‌లో మొదలైన ‘రైడర్స్ ఇన్ ది స్కై’ బృందం అవే పాటలు, అవే జోకులు, అదే వేషంతో జనాన్ని నవ్వించింది. 1999లో వచ్చిన ‘టాయ్ స్టోరీ 2’ బొమ్మల సినిమాలో వాళ్లు పాడారు. ఆ సినిమాలో ఎర్ర టోపీ పెట్టుకుని యోడలింగ్ చేసే జెస్సీ అనే బొమ్మ ఉంది, చూశారా? హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ మన పిల్లలు మళ్లీమళ్లీ పెట్టించుకుని చూసిన బొమ్మే. పాట్సీ మోంటానా, డేల్ ఇవాన్స్‌ల పోలికలు అందులో నాకు కనిపిస్తాయి. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ‘కౌగర్ల్స్’ కోసమే ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉంది. గుర్రమెక్కిన ఆడవాళ్లందరికీ అక్కడ గోడమీద చోటుంది. గుర్రం పేరు తర్వాత కాదు, ముందే!

ఈ కథలన్నీ తెలిశాక నేను ఒక పని మొదలుపెట్టాను. ఆదివారాలు ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడేటప్పుడు ‘తిన్నావా, మందులేసుకున్నావా’లు అయిపోయాక ఒక పాట అడుగుతున్నాను. దంపుళ్లపాటో, అప్పగింతల పాటో, వియ్యపురాళ్లని వెక్కిరించే పెళ్లిపాటో. మొదట్లో ‘ఇప్పుడా? గొంతెక్కడుంది!’ అనేది. ఇప్పుడు తనే ఆలోచించి పెట్టుకుంటోంది. ఒక్కో పాట వెనక ఎవరు నేర్పారో, ఎప్పుడు పాడారో, ఎవరికి కోపమొచ్చిందో అన్నీ చెబుతోంది. పెళ్లిపాట పాడితే తనే నవ్వాపుకోలేక మధ్యలో ఆపేస్తుంది. ఇప్పటికి పంతొమ్మిది పాటలు రికార్డు చేశాను.

మీ ఇంట్లోనూ అమ్మో, అత్తగారో, పెద్దమ్మో ఉండే ఉంటారు. వాళ్లకి వచ్చిన పాటలకి మ్యూజియాలు లేవు, వేలంపాటలు లేవు, హాల్ ఆఫ్ ఫేమ్ అసలే లేదు. చేతిలో ఫోనుంది, ఆ ఫోనులో రికార్డు చేసే మీటా ఉంది. రేపో ఎల్లుండో కూరగాయలు తరుగుతూ ఆవిణ్ని ఊరికే అడిగి చూడండి. మొదట వద్దంటారు. రెండోసారి అడగండి.